ముందే తెలిసినా ఎందుకు దెబ్బ తింటున్నాం?

రాబోయే పదేళ్ళలో ప్రపంచం ఎటు పోతుంది, దాని సెగ మన విశాఖకి ఎంత తగులుతుంది అన్న దాని మీద ఏమైనా అడగండని పోయిన సంచికలో రాశాం. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బాగా వచ్చాయి. ఒకే విషయం అడిగిన వాళ్ళని ఒకచోట కలిపాను, పేర్లు తీసేసి పేట మాత్రం ఉంచాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, అక్కడ చెప్పాల్సింది ఉంది కాబట్టి.

సివిల్స్‌కి ప్రిపేరవుతున్నాను. స్ట్రాటజిక్ ఫోర్‌సైట్ అన్న మాట ఈమధ్య ఎక్కడ చూసినా కనపడుతోంది. మా తాతయ్యేమో "పంచాంగ శ్రవణానికి ఇంగ్లీషు పేరు పెట్టార్రా" అంటున్నారు. నిజంగా తేడా ఉందా సార్?
(డిగ్రీ విద్యార్థి, గాజువాక)

ఉంది తమ్ముడూ, చాలా ఉంది. పంచాంగం ఫలానాది జరుగుతుందని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఈ ముందుచూపు పద్ధతిలో ఆ ఒక్క మాట ఎవరూ చెప్పరు. ఇలా జరగొచ్చు, అలా జరగొచ్చు, మనకి బొత్తిగా నచ్చని ఇంకో రకంగానూ జరగొచ్చు, ఏది జరిగినా మనం నిలబడాలంటే ఈరోజు ఏం చెయ్యాలి అని అడుగుతారు.

షెల్ ఆయిల్ కంపెనీ ఉదాహరణ నువ్వు చదివే ఉంటావు, కానీ పుస్తకాల్లో సగమే ఉంటుంది. 1970ల మొదట్లో ఆ కంపెనీ ప్లానింగ్ విభాగంలో పియర్ వాక్ అనే ఫ్రెంచ్ ఆయన ఉండేవాడు. అప్పటికి ఏళ్ళ తరబడి చమురు వాడకం పెరుగుతూనే ఉంది, ధర పెద్దగా కదల్లేదు, రేపూ ఇంతేలే అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. వాక్, ఆయన టీమ్ అమ్మేవాడి వైపు కూర్చుని చూశారు. సౌదీ, కువైట్ లాంటి దేశాలకి వచ్చిన డబ్బంతా ఖర్చు పెట్టుకునే దారి లేదు, దాచుకుంటే ద్రవ్యోల్బణం తినేస్తోంది, అలాంటప్పుడు ఇంకా ఇంకా తోడి చౌకగా ఎందుకు అమ్ముతారు, భూమిలో ఉంచుకుంటేనే లాభం కదా? కాబట్టి ధర ఎగరక తప్పదన్నారు. ఏ తేదీన అన్నది చెప్పలేదు. 1973 అక్టోబరులో అరబ్బులకీ ఇజ్రాయెల్‌కీ యుద్ధం వచ్చింది, అరబ్ దేశాలు సరఫరా బిగించాయి, బ్యారెల్ సుమారు 3 డాలర్లున్నది కొన్ని నెలల్లో 12 డాలర్ల దరిదాపులకి వెళ్ళిపోయింది. షెల్ మిగతా కంపెనీల కంటే త్వరగా తేరుకుంది.

మిగతా సగం ఏంటంటే, వాక్ మొదటిసారి ఈ సినారియోలన్నీ, అంటే రేపు ఎలా ఉండొచ్చో చెప్పే కథనాలన్నీ, పెద్దాఫీసర్ల ముందు పెట్టినప్పుడు వాళ్ళు బాగున్నాయని తలలూపి, వెళ్ళి పాత పద్ధతిలోనే పని చేసుకున్నారు. అప్పుడాయన రూటు మార్చాడు. ధర ఇలాగే ఉంటుందని మీరు నమ్మాలంటే ఏయే అద్భుతాలు ఒకేసారి జరగాలో చూడండి అని వాళ్ళ నమ్మకాన్నే వాళ్ళ ముందు విప్పి పరిచాడు. రిపోర్టు రాయడం తేలిక, కుర్చీలో ఉన్నవాడి మనసులో పాతుకుపోయిన బొమ్మని కదపడమే అసలు కష్టం. పరీక్షలో వ్యాసం వస్తే ఈ ముక్క తప్పక రాయి.

వాక్ గంగ గురించి కూడా చెప్పేవాడు, ఎగువన భారీ వర్షం పడితే కొన్నాళ్ళకి కాశీలో ఏమవుతుందో ముందే చెప్పెయ్యొచ్చని. మన లంక గ్రామాల వాళ్ళకి అది వేరే చెప్పక్కర్లేదు, భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక పడిందంటే ధవళేశ్వరం దిగువన పశువుల్ని గట్టు మీదకి తోలేస్తారు. ప్రపంచంలోనూ ఇలా ఎగువన ఇప్పటికే కురిసేసిన వాన చాలా ఉంది. 2040లో ఇరవై ఏళ్ళు నిండే వాళ్ళంతా ఇప్పటికే పుట్టేశారు, కొత్తగా ఒక్కరు కూడా కలవరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. చైనా జనాభా 2022 నుంచే తగ్గుతోంది, దక్షిణ కొరియాలో 2023లో ఆ సగటు 0.72కి పడిపోయింది. అక్కడ సైన్యంలో చేరడానికి కుర్రాళ్ళు సరిపోతారా, మన దగ్గర ముసలివాళ్ళని ఎవరు చూస్తారు, నర్సుల కోసం ఏ దేశం ఎంత జీతం ఇవ్వజూపుతుంది? వీటికి జాతకాలు అక్కర్లేదు, లెక్కల పుస్తకం చాలు.

కరోనా లాంటిది వస్తుందని ముందే రాసిన రిపోర్టులున్నాయంటారు. మరి అంతంత పెద్ద దేశాలు మాస్కులు కూడా లేకుండా ఎందుకు దొరికిపోయాయి? లేక ఇవన్నీ తర్వాత అల్లిన కథలా?
(రిటైర్డ్ టీచర్, ఎంవీపీ కాలనీ)

కథలు కావు మాస్టారూ. అమెరికాలో నేషనల్ ఇంటెలిజెన్స్ కౌన్సిల్ నాలుగేళ్ళకోసారి గ్లోబల్ ట్రెండ్స్ పేరుతో ఒక నివేదిక తెచ్చేది. 2008 నవంబరులో వచ్చిన నివేదిక 2025 దాకా చూసింది. సులువుగా అంటుకునే కొత్త శ్వాసకోశ వ్యాధి ప్రపంచమంతా పాకవచ్చని, మనుషులూ జంతువులూ కిక్కిరిసి బతికే చైనా, ఆగ్నేయాసియా లాంటి చోట్ల మొదలయ్యే అవకాశం ఎక్కువని అందులో స్పష్టంగా ఉంది. 2019 అక్టోబరులో అయితే జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు న్యూయార్క్‌లో ఒక కల్పిత కరోనా వైరస్ మీదే రిహార్సల్ కూడా చేశారు. రెండు మూడు నెలల్లో అసలుది వచ్చింది.

మరి ఎందుకు దొరికిపోయారంటే, చెప్పినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి అది తన పని అనిపించలేదు. మాస్కులు కొని గోడౌన్‌లో పెడితే ఈ ఏడాది బడ్జెట్లో ఖర్చు కనపడుతుంది, జబ్బు రాకపోతే దండగ ఖర్చని ఆడిట్‌లో రాస్తారు. కొనకపోతే ఎవరూ అడగరు.

లెబనాన్ రాజధాని బేరూత్ పోర్టు సంగతి చూడండి. ఎరువులకీ పేలుడు పదార్థాలకీ వాడే అమ్మోనియం నైట్రేట్ 2,750 టన్నులు ఒక ఓడ నుంచి దింపి గోడౌన్‌లో పడేశారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఇది ప్రమాదం అని అధికారుల మధ్య ఉత్తరాలు నడిచాయి, ఒకసారి కాదు చాలాసార్లు. 2020 ఆగస్టు 4న పేలి 200 మందికి పైగా చనిపోయారు. తెలియని వాళ్ళెవరూ లేరు, తియ్యాల్సినవాడు ఎవరో తేలలేదంతే. ఆ పేలుడు తర్వాత మన ఊళ్ళో కూడా అందరూ ఉలిక్కిపడ్డారు, ఎందుకంటే ఆ సరుకు మన పోర్టుకీ దిగుతుంది.

అదే ఏడాది మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో జరిగింది మీకు నేను గుర్తు చెయ్యనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన ప్లాంటు, ట్యాంకులో నిలవున్న స్టైరిన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం, అది వేడెక్కి గ్యాస్ బయటికొచ్చింది, 12 మంది పోయారు. ఈ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎక్కడో మొదలైన జబ్బు లాక్‌డౌన్ అయింది, లాక్‌డౌన్ నిలిచిపోయిన ట్యాంకు అయింది, ఆ ట్యాంకు పక్కన పల్లె ఉంది. జబ్బుల మీద రిపోర్టు ఒక శాఖలో, ఫ్యాక్టరీల మీద రిపోర్టు ఇంకో శాఖలో ఉంటే ఈ గొలుసు ఎవరికి కనపడుతుంది? ప్రపంచం మొత్తం ఒకేసారి తాళం వేసుకుంటే నెలల తరబడి ఆగిపోకూడనివి ఏమేం ఉన్నాయి అని ఒక్క మీటింగ్‌లో అడిగి ఉంటే రసాయన ట్యాంకులు మొదటి పేజీలోనే వచ్చేవి.

అన్ని చోట్లా ఇలాగే ఉందని నిరాశపడక్కర్లేదు. ఫిన్లాండ్ పార్లమెంటులో భవిష్యత్తు కోసమే ఒక కమిటీ ఉంది, 1993 నుంచి. ప్రచ్ఛన్నయుద్ధం నాటి నుంచి అత్యవసర నిల్వలు దాచుకునే అలవాటు కూడా వాళ్ళకుంది, 2020లో ఆ గోడౌన్లు తెరిచి మాస్కులు బయటికి తీశారు. అంత దూరం ఎందుకు, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకి పదివేల మంది దాకా పోయారు, 1999లో ఒడిశాలోనూ అంతే. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. తుఫాను విషయంలో ఏ కబురు వస్తే ఎవరు ఏ ఊరికి బస్సు పంపాలో, ఏ షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో రాసిపెట్టి ఉంది. మిగతా ప్రమాదాలకి అది లేదు. తేడా అంతా అక్కడే ఉంది మాస్టారూ.

గల్ఫ్‌లో గొడవ అని టీవీలో చూసినప్పుడల్లా గ్యాస్ సిలిండర్ గురించి టెన్షన్ పడుతున్నాను. మా ఆయన నవ్వుతారు. నా భయం తప్పా?
(గృహిణి, మల్కాపురం)

తప్పు కాదమ్మా, మీ లెక్క సరైనదే. గల్ఫ్ చమురు బయటికి రావాలంటే హోర్ముజ్ జలసంధి దాటాలి, అది బాగా ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లే. ప్రపంచం వాడే చమురులో దాదాపు ఐదో వంతు ఆ సందులోంచే పోతుంది. మన దేశం ముడి చమురులో 85 శాతానికి పైగా బయట కొంటోంది, వంటగ్యాస్ కూడా సగానికి పైనే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌దే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నప్పుడు అందరి కళ్ళూ ఆ జలసంధి మీదే ఉన్నాయి.

దీనికి దేశం చేసుకున్న ఏర్పాటు మీకు దగ్గర్లోనే ఉంది. సముద్రం పక్కన కొండ రాతిని తొలిచి, భూమి అడుగున 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే గుహలు కట్టారు. వీటికి ఇనుప తొడుగు ఉండదు. చుట్టూ రాతిలో ఉన్న భూగర్భ జలం ఒత్తిడే చమురు బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది, ఆ నీటిమట్టం తగ్గకుండా పైనుంచి నీళ్ళు ఎక్కిస్తూనే ఉంటారు. మంగళూరు, పాదూరులతో కలిపి మొత్తం 53.3 లక్షల టన్నులు, దేశానికి తొమ్మిది పది రోజుల అవసరం. ఆయిల్ కంపెనీల దగ్గరుండే నిల్వలు దీనికి అదనం.

వంటగ్యాస్ దగ్గరే ఇబ్బంది. విశాఖలోనే ఎల్పీజీకి వేరే గుహ ఉంది, 60 వేల టన్నులది. కానీ దేశం ఏడాదికి 3 కోట్ల టన్నులకి పైగా కాలుస్తోంది, అంటే రోజుకి 80 వేల టన్నుల పైమాటే. ఆ గుహ నిండుగా ఉన్నా దేశానికి ఒక్క పూర్తి రోజుకి చాలదు. చమురుకి కట్టినంత జాగ్రత్త గ్యాస్‌కి కట్టలేదు, ఇది ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిన విషయమని నా అభిప్రాయం. మీ ఇంటి మటుకు రెండో సిలిండర్, ఒక ఇండక్షన్ స్టవ్ ఉంటే చాలు. వార్త విని అందరూ ఒకేసారి బుకింగ్‌కి ఎగబడితే మాత్రం లేని కొరత కూడా వచ్చి కూర్చుంటుంది.

రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో సూపర్‌వైజర్ని. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు ఒక్క దెబ్బకి సీడ్ (రొయ్య పిల్లల) ఆర్డర్లు పడిపోయాయి. ఇలాంటివి ముందే పసిగట్టే మార్గం ఏమైనా ఉందా?
(భీమిలి)

ఆగస్టు 27న 50 శాతం అవుతుందని ఏడాది ముందే తెలుసని ఎవరైనా అంటే నేను నమ్మను. కానీ అమెరికా ఆ తలుపు వెయ్యగలదన్నది కొత్త సంగతి కాదు. మన రొయ్యల మీద 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది, ఉంది, 2024లో సబ్సిడీల పేరు చెప్పి ఇంకోటి కలిపారు, అదే ఏడాది ఎన్నికల ప్రచారంలో ట్రంప్ అన్ని దేశాల మీదా సుంకాలు వేస్తానని ఊరూరా చెప్పాడు. ఇటు చూస్తే మన రొయ్యలకి అతిపెద్ద మార్కెట్ అదే, అటు ఈక్వడార్ మన కంటే దగ్గర్లో ఉండి, అప్పుడు మన కంటే తక్కువ సుంకంతో అమ్ముకుంది.

ఇప్పుడు మీ పని గురించి మాట్లాడుకుందాం. మీ ఓనరునీ, ట్యాంకుల దగ్గర ఉండే టెక్నీషియన్నీ, సీడ్ బండి డ్రైవర్నీ కూడా కూర్చోబెట్టండి. మన చేతిలో లేనివి, మన వ్యాపారాన్ని తలకిందులు చెయ్యగలవి ఏవి అని అడగండి. బయట నుంచి చూస్తున్న నాకు రెండు కనపడుతున్నాయి. ఒకటి అమెరికా మార్కెట్. రెండోది తల్లి రొయ్యలు. వనామీ రకం తల్లులు ఎక్కువగా అమెరికా నుంచే విమానమెక్కి వచ్చి, చెన్నైలో క్వారంటైన్ అయ్యాక మీ ట్యాంకుల్లో దిగుతాయి. సరుకు పోయేదీ అక్కడికే, తల్లి వచ్చేదీ అక్కడి నుంచే, ఒకే దేశంతో గొడవొస్తే రెండు వైపులా ఇరుక్కుంటారు. ఇది మీకు ఎప్పుడైనా తట్టిందా?

మార్కెట్ తెరిచి ఉండొచ్చు, మూసుకుపోవచ్చు. తల్లులు సాఫీగా రావచ్చు, ఆగిపోవచ్చు. కలిపితే నాలుగు రకాల సంవత్సరాలు. ఒక్కోదాన్నీ జరిగిపోయినట్టే రాయండి. ఉదాహరణకి మార్కెట్ మూసుకుని, తల్లులు మాత్రం మామూలుగా వస్తున్న ఏడాది: మార్చి నెల, భీమవరం నుంచి ఒక రైతు ఫోన్ చేసి "ఈ పంట వెయ్యట్లేదండీ, చెరువులు ఎండగట్టేస్తున్నాం" అంటాడు, సాయంత్రానికి నెల్లూరు నుంచి ఇంకో ఇద్దరు అదే మాట. ట్యాంకుల్లో పిల్ల రెడీగా ఉంది, దాన్ని గోడౌన్‌లో సరుకులా దాచలేం, రోజు గడిచేకొద్దీ మేత, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి అడిగిన ధరకి ఇవ్వడమో పారబొయ్యడమో. అప్పు మీద ఇచ్చిన పాత సీడ్ డబ్బులు రావు. జీతాలు ఎన్ని నెలలు ఇవ్వగలం? ఈ ప్రశ్న దాకా రాకుండా రాయడం ఆపొద్దు, ఎందుకంటే అక్కడే నిజం బయటపడుతుంది.

నాలుగూ రాశాక, ఏ ఏడాది వచ్చినా పనికొచ్చే పనులు వెతకండి. అడ్వాన్సు లేకుండా ఇంత సీడ్‌కి మించి ఇవ్వకూడదన్న నియమం నాలుగింట్లోనూ పనికొస్తుంది. ఒకటి రెండు ట్యాంకుల్లో టైగర్ రకం సీడ్ మీద మనుషులకి చెయ్యి తిరిగేలా చెయ్యడం మూడింట్లో పనికొస్తుంది. అప్పు చేసి కొత్త షెడ్డు వెయ్యడం ఒక్క దాంట్లోనే పనికొస్తే అది జూదం అన్నమాట, ఆడాలనుకుంటే తెలిసి ఆడండి. చివరగా, ఏ దారిలోకి వెళ్తున్నామో ముందు చెప్పే గుర్తులు రాసుకోండి. ఎక్స్‌పోర్టర్లు 30, 40 కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) ఆర్డర్లు ఎన్ని నెలలకి ఇస్తున్నారు, రైతుకి 100 కౌంట్ ధర వరసగా పడుతోందా, తల్లుల కన్‌సైన్‌మెంట్లు ఎన్ని రోజులు లేటవుతున్నాయి. నెలకోసారి పది నిమిషాలు చూస్తే చాలు.

టీవీ చర్చల్లో రోజుకో నిపుణుడు మూడో ప్రపంచయుద్ధం అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?
(ఆరిలోవ)

గట్టిగా అరిచే వాళ్ళని మాత్రం కాదు. ఫిలిప్ టెట్లాక్ అనే అమెరికా ప్రొఫెసర్ 284 మంది నిపుణుల అంచనాలని దాదాపు ఇరవై ఏళ్ళ పాటు రాసిపెట్టుకుని, జరిగిన దానితో పోల్చి చూశాడు. సగటున వాళ్ళు సాధారణ లెక్కల కంటే గొప్పగా ఏం చెప్పలేదు, పేరు మోసిన వాళ్ళు ఇంకా వెనకబడ్డారు. "ఇది నూటికి అరవై పాళ్ళు జరగొచ్చు, ఫలానా వార్త వస్తే నా మాట మార్చుకుంటాను" అనే వాళ్ళు కాస్త నయమని తేలింది. మీకు నచ్చిన నిపుణుడు ఏ తేదీన ఏమన్నాడో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఏడాదికి ఎవరేంటో తెలిసిపోతుంది.

నేవీలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు శాటిలైట్లు, ఏఐ అన్నీ ఉన్నాయి. శత్రువు కదలికని ముందే పసిగట్టడం ఇక సులువేనా?
(సింధియా)

మీకు తెలిసిన కథే, చదివే కుర్రాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మాత్రం విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించే పని పెట్టుకున్నారు. రాజ్‌పుత్ అనే పాత నౌకతో విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్ళో కాంట్రాక్టర్లకి పెద్ద నౌకాదళానికి సరిపడా కూరగాయలు, మాంసం ఆర్డరిచ్చారు, బజార్లో మాట పాకుతుందని ఆయనకి తెలుసు. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు మామూలు టెలిగ్రాం కూడా వెళ్ళింది. ఘాజీ విశాఖ ముందుకొచ్చి, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఇక్కడే మునిగింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాటా వేరు, కానీ దాన్ని ఇక్కడికి రప్పించింది ఆ కూరగాయల ఆర్డరు లాంటి గుర్తులే.

అంటే గుర్తుల్ని ఎదుటివాడు కూడా నాటగలడు. శాటిలైట్లు పెరిగాక నాటే చోట్లూ పెరిగాయి. అందుకని ఎన్ని ఫొటోలున్నాయి అని కాకుండా, వాడు నిజంగా దాడే చెయ్యదలిస్తే తప్పనిసరిగా చెయ్యాల్సిన పని, డబ్బూ కష్టమూ ఎక్కువైన పని ఏది అని వెతకాలి. 2022లో యుక్రెయిన్ సరిహద్దులో లక్ష మందికి పైగా రష్యా సైనికులు చేరారని ప్రపంచమంతా ఫొటోల్లో చూసింది, బెదిరింపే అనుకున్న వాళ్ళు చాలామంది. జనవరి చివర్లో అక్కడికి రక్తం నిల్వలు కూడా చేరుతున్నాయని వార్త వచ్చింది. విన్యాసాలకైతే ట్యాంకులు చాలు, రక్తం ఎందుకు? ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. ఏఐ వెయ్యి ఫొటోలు ఒక్క నిమిషంలో చూడగలదు, మంచిదే, కానీ ఈ ప్రశ్న వెయ్యడానికి మీలాంటి అనుభవజ్ఞులు ఆ గదిలో ఉండాలి.

మన ఊరికి డేటా సెంటర్లు, సముద్రం అడుగున కేబుళ్ళు వస్తున్నాయని సంబరపడుతున్నాం. ఇందులో భద్రత గొడవ ఏమైనా ఉందా?
(ఐటీ ఉద్యోగి, మధురవాడ)

సంబరపడొచ్చు. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు విశాఖలో పెడతానని ప్రకటించింది, అందులో సముద్ర కేబుళ్ళు ఒడ్డుకి చేరే గేట్‌వే కూడా ఉంది. ఇప్పటిదాకా మన దేశపు కేబుళ్ళు ఎక్కువగా ముంబైలో, చెన్నైలో ఒడ్డుకి చేరుతున్నాయి, మూడో చోటు ఉండటం దేశానికి మంచిది.

కానీ కేబుల్ అనగానే శత్రు జలాంతర్గాములు తలచుకుంటాం, ప్రపంచంలో తెగిపోయే కేబుళ్ళలో ఎక్కువ శాతం లంగర్ల వల్ల, చేపల వలల వల్ల తెగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడికి దెబ్బతిన్న రూబీమార్ అనే ఓడ లంగరు ఈడ్చుకుపోయి కేబుళ్ళు తెగాయని భావిస్తున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఫిన్లాండ్, ఎస్తోనియాల మధ్య కరెంటు కేబుల్ తెగినప్పుడు కూడా అనుమానం ఒక ఓడ లంగరు మీదకే పోయింది. మరి మన ఫిషింగ్ హార్బర్ నుంచి వందల మర బోట్లు రోజూ వేటకి వెళ్తాయి. కేబుల్ వేసే దారి ఏది, అక్కడ వల వెయ్యొద్దంటే ఆ మత్స్యకారుడి నష్టానికి ఎవరు ఏమిస్తారు, తెగితే ఎవరు ముందు ఫోన్ చేస్తారు? ఈ మాటలు కేబుల్ నీళ్ళలోకి దిగకముందే జాలారిపేటలో కూర్చుని మాట్లాడాలి. 2008 ముంబై దాడి చేసినవాళ్ళు వచ్చింది కూడా మన దేశపు చేపల పడవని లాక్కునే. ఆ తర్వాతే సముద్రం మీద మొదటి కాపలా మత్స్యకారులదేనని అందరికీ అర్థమైంది. వాళ్ళని దూరం చేసుకుని ఏ కేబుల్‌నీ కాపాడలేం.

ఇవన్నీ దేశాల సంగతులు. నూటఇరవై ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంట్‌కి ఈ పద్ధతి పనికొస్తుందా?
(అసోసియేషన్ కార్యదర్శి, సీతమ్మధార)

బ్రహ్మాండంగా పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఏం జరిగిందో మీ పెద్దలందరికీ గుర్తుంది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళ కోసం, పాల కోసం తిరిగాం. అదే గాలి ఇప్పటి మీ అపార్ట్‌మెంట్ మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. 2014లో యూపీఐ లేదు, అది వచ్చింది 2016లో. అప్పుడు అందరి జేబులోనూ కొంత నగదు ఉండేది. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే, టవర్లు పడిపోతే పాల ప్యాకెట్ కొనడానికి ఏమిస్తారు? అప్పటి కంటే అంతస్తులు పెరిగాయి, లిఫ్టు ఆగితే తొమ్మిదో అంతస్తులో మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకి నీళ్ళు ఎవరు మోస్తారు? పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఫ్లాట్లు ఎన్నో మీ దగ్గర లిస్టుందా? సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ల చుట్టూ నీళ్ళు నిలిస్తే?

గ్యారీ క్లెయిన్ అనే మనస్తత్వ నిపుణుడు ఒక పద్ధతి చెప్పాడు, గంటలో అయిపోతుంది. జనరల్ బాడీలో అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, "తుఫాను వచ్చి వారమైంది, మన ఏర్పాట్లన్నీ ఘోరంగా ఫెయిలయ్యాయి, ఎందుకో రాయండి" అనండి. ఏమైనా ఫెయిలవుతుందా అని అడిగితే మర్యాదకి ఎవరూ నోరెత్తరు, ఫెయిలైపోయిందనుకోండి అంటే మాత్రం వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ రాస్తారు. వాచ్‌మన్‌ని మాత్రం మర్చిపోవద్దు, జనరేటర్‌లో డీజిల్ ఎంత ఉందో, ఏ వాల్వు తుప్పు పట్టిందో ఆయనకే తెలుసు. వచ్చిన వాటిలో ఐదారు ఏరి ఒక్కోదాని ఎదురుగా ఒక్క మనిషి పేరు రాయండి, "కమిటీ" అని మాత్రం రాయొద్దు. డీజిల్‌కి ఒకరు, ఒంటరి పెద్దవాళ్ళ లిస్టుకి ఒకరు, అసోసియేషన్ బీరువాలో చిల్లర నోట్లతో కొంత నగదు ఉంచడానికి ఒకరు.

ఇంకా టైముందిలే అని అక్టోబరు దాకా ఆగకండి, మన తీరానికి మే నెలలోనూ తుఫాన్లు వస్తాయి, 2010లో లైలా వచ్చింది మేలోనే.